లెగ్ హార్మోనియం నాదానికి డిజిటల్ అనుకరణ: గోదావరి సీమ పద్యనాటకం నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

యూరప్ చర్చిలలోని పురాతన పైప్ ఆర్గాన్ల నాదాన్ని ఒక్కొక్క గొట్టం వారీగా రికార్డు చేసి, కంప్యూటరు ద్వారా తిరిగి వినిపించే పద్ధతి గత రెండు దశాబ్దాలలో స్థిరపడింది. ఆ ఆర్గాన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్ హార్మోనియం తెలుగు పద్యనాటకానికి తరతరాలుగా ప్రధాన వాద్యంగా నిలిచింది. నేడు అనేక ప్రదర్శనలలో దాని స్థానాన్ని ఎలక్ట్రానిక్ కీబోర్డు ఆక్రమించింది. పైప్ ఆర్గాన్ విషయంలో సఫలమైన అనుకరణ పద్ధతి లెగ్ హార్మోనియానికి ఎంతవరకు వర్తిస్తుందో ఈ వ్యాసం గోదావరి సీమ నాటకరంగాన్ని ఆధారంగా చేసుకొని పరిశీలిస్తుంది. పైప్ ఆర్గాన్‌లో గాలి ఒత్తిడి దాదాపు స్థిరం. లెగ్ హార్మోనియంలో అది వాదకుని పాదాల అధీనం. ఈ భేదాన్ని విస్మరించిన అనుకరణ వాద్యం నాదపు రంగును పట్టుకోగలదు గాని, పద్యగానానికి ఆ వాద్యం చేసిన సేవను పట్టుకోలేదన్నది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన.

కీలక పదాలు: లెగ్ హార్మోనియం, పద్యనాటకం, పైప్ ఆర్గాన్, శాంప్లింగ్, శ్రుతి, గోదావరి సీమ, రంగస్థల సంగీతం

1. ఉపోద్ఘాతం

తెలుగు నాటకరంగ చరిత్రను రాసినవారు నాటకకర్తల గురించి, నటుల గురించి విస్తారంగా రాశారు. హార్మోనిస్టుకు ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. రంగస్థలానికి ఒక పక్కన, సగం తెర చాటున కూర్చొని, తెల్లవారేదాకా కాళ్ళతో తిత్తులు తొక్కుతూ, చేతులతో మెట్లు నొక్కుతూ, నటుని ముఖం మీదనే చూపు నిలిపి ఉండే ఆ వ్యక్తి పేరు నాటకం కరపత్రాలలో నటుల పేర్ల సరసన ఉండేది. విమర్శ గ్రంథాలలో మాత్రం ఆయన తరచుగా ఒక వాక్యంతో సరి.

ఈ ఉపేక్షకు ఇప్పుడొక కొత్త పర్యవసానం ఏర్పడింది. లెగ్ హార్మోనియం రంగస్థలం నుంచి తొలగిపోతున్నప్పుడు, పోతున్నదేమిటో చెప్పగల పరిభాష విమర్శ వద్ద లేదు. “హార్మోనియం శబ్దం కీబోర్డులో ఉన్నదిగదా” అన్న వాదానికి, “పాతదాని తీయదనం కొత్తదానికి రాదు” అన్న నిట్టూర్పే సమాధానంగా మిగులుతున్నది. మొదటిది వాద్యాన్ని శబ్దమాత్రంగా చూస్తుంది. రెండవది అభిరుచిని ప్రకటిస్తుంది గాని కారణం చెప్పదు. ఈ రెండింటికీ భిన్నంగా, నాదం పుట్టే తీరును, పద్యం పాడే తీరును కలిపి పరిశీలిస్తే ప్రశ్న స్పష్టపడుతుంది. అందుకు పైప్ ఆర్గాన్ అనుకరణ విద్య మంచి తులనాధారం.

2. పైప్ ఆర్గాన్ అనుకరణ: పద్ధతి, దాని పునాది

పైప్ ఆర్గాన్ భవనంలో అంతర్భాగంగా నిర్మితమయ్యే వాద్యం. ఒక్కొక్క స్వరానికి, ఒక్కొక్క నాదభేదానికి వేర్వేరు గొట్టాలు ఉంటాయి. 30 వరుసల గొట్టాలు, వరుసకు 56 చొప్పున ఉన్న మధ్యతరహా ఆర్గాన్‌లో గొట్టాల సంఖ్య 1,680. ఇటువంటి వాద్యాన్ని ఇంటికి తెచ్చుకోవడం అసాధ్యం. శతాబ్దాల నాటి ఆర్గాన్లు యుద్ధాల వల్లను, అగ్నిప్రమాదాల వల్లను, మరమ్మతుల పేర జరిగిన మార్పుల వల్లను దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. ఈ రెండు కారణాలు అనుకరణ విద్యకు ప్రేరకాలయ్యాయి.

2000ల తొలినాళ్ళలో వచ్చిన హాప్ట్‌వెర్క్, ఆ తరువాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా రూపొందిన గ్రాండ్‌ఆర్గ్ ఈ విద్యకు ప్రసిద్ధ సాధనాలు. వీటి కోసం నమూనాలు సేకరించేవారు చర్చిలో మైకులు అమర్చి, ప్రతి గొట్టాన్నీ విడివిడిగా కొన్ని సెకండ్లపాటు మోగించి రికార్డు చేస్తారు. స్వరం పుట్టే తొలి క్షణంలో వినబడే గాలి చప్పుడు, నిలకడగా సాగే మధ్యభాగం, మెట్టు విడిచిన తరువాత భవనంలో మారుమోగే తోక అనే మూడు దశలనూ విడదీసి భద్రపరుస్తారు. మధ్యభాగాన్ని చెవికి తెలియకుండా ఆవృత్తి చేసి, వాదకుడు మెట్టు నొక్కి ఉంచినంతసేపు స్వరాన్ని సాగదీస్తారు. కొద్దిసేపు నొక్కి విడిచిన స్వరానికి, ఎక్కువసేపు నొక్కి విడిచిన స్వరానికి మారుమోత వేరు గనుక, వాటికి వేర్వేరు తోకలను జతచేస్తారు. గాలిమర హోరు, మెట్ల కర్ర చప్పుడు కూడా కొన్ని సేకరణలలో చేరుతాయి.

ఈ పద్ధతి సఫలం కావడానికి కంప్యూటరు శక్తి ఒక్కటే కారణం కాదు. వాద్యం స్వభావమే దానికి అనుకూలం. పైప్ ఆర్గాన్‌లో గాలి ముందుగా బరువులు పెట్టిన నిల్వతిత్తిలోకి చేరి, అక్కడినుంచి దాదాపు స్థిరమైన ఒత్తిడితో గొట్టాల కిందికి వస్తుంది. వాదకుడు మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా, నిలిచిన స్వరం స్థాయిలో మార్పు ఉండదు. అంటే ఒక గొట్టానికి ఒక నిలకడ నాదమే ఉంటుంది. దాన్ని ఒకసారి నిర్దుష్టంగా రికార్డు చేస్తే పని చాలావరకు పూర్తయినట్లే. ఒకేసారి అనేక గొట్టాలు మోగినప్పుడు గాలి కొంచెం కుంగడం వంటి సూక్ష్మాంశాలను హాప్ట్‌వెర్క్ లెక్కగట్టి కలుపుతుంది. 2019లో వెలువడిన ఆర్గాన్‌టెక్ రికార్డులను వదలి, గొట్టంలో గాలి ప్రవర్తనను గణితం ద్వారా నిర్మించే మరొక దారి పట్టింది. శాంప్లింగ్ మాత్రం “ఒక మెట్టు, ఒక గొట్టం, ఒక నాదం” అన్న పునాది మీదనే నిలిచి ఉంది. ఈ పునాది లెగ్ హార్మోనియం కింద ఉన్నదా అన్నది అసలు ప్రశ్న.

3. గోదావరి సీమ రంగస్థలం, హార్మోనియం

గోదావరి సీమకు ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన చరిత్రలో ఆద్యస్థానం ఉంది. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థులచేత ప్రదర్శింపజేశారు. ఆ దశాబ్దం చివర చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ అక్కడి నాటక సమాజం కోసం రూపుదిద్దుకొన్నది. యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా రాసిన పాండవ నాటకాలు పద్యనాటకానికి ఆయువుపట్టుగా నిలిచాయి. కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ ఊరూరా ఆడింది. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ రంగస్థలం నుంచి సినిమాకు నటులను అందించింది. కోనసీమ తీర్థాలలో, శివరాత్రి, శ్రీరామనవమి పందిళ్ళలో రాత్రంతా సాగిన పౌరాణిక నాటకాలు ఈ రచనలను అక్షరాస్యులు కానివారి నోట కూడా నిలిపాయి.

ఈ రంగస్థలంలోకి హార్మోనియం పరాయి వాద్యంగా ప్రవేశించింది. పారిస్ నగరంలో అలెగ్జాండర్ దెబెన్ 1840ల తొలినాళ్ళలో ‘హార్మోనియం’ అన్న పేరుతో రూపొందించిన కాలితొక్కుడు వాద్యం, పైప్ ఆర్గాన్ కొనలేని చిన్న చర్చిలకు, ఇళ్ళకు ఉద్దేశించినది. అంటే తన పుట్టుకలోనే అది ఒక ప్రత్యామ్నాయం. 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో కోల్‌కతాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారు నేల మీద కూర్చొని వాయించడానికి అనువైన చేతి హార్మోనియాన్ని తయారుచేశారు. అయితే పార్సీ నాటక సమాజాల ప్రభావంతో తెలుగు రంగస్థలానికి అలవాటైనది ప్రధానంగా కాలితో తొక్కే రకం. కారణం సులభంగా ఊహించదగినదే. చేతి హార్మోనియంలో ఒక చేయి తిత్తికి అంకితమవుతుంది. లెగ్ హార్మోనియంలో రెండు చేతులూ మెట్ల మీద ఉంటాయి. మైకులు లేని కాలంలో పందిరి చివరిదాకా వినబడవలసిన వాద్యానికి కాళ్ళ బలం అవసరమైంది.

ఈ వాద్యం ఎంత లోతుగా పాతుకొన్నదో చెప్పడానికి ఒక్క భాషాసాక్ష్యం చాలు. దక్షిణాది గాయకులు తమ శ్రుతిని “ఒకటి”, “రెండున్నర”, “నాలుగున్నర”, “ఐదు” అని చెబుతారు. ఇవి హార్మోనియం మెట్ల లెక్కలు. సి అనే తెల్లమెట్టు ఒకటి. దాని పక్క నల్లమెట్టు ఒకటిన్నర. అలా వరుసగా బి దాకా ఏడు. మూడుకు, నాలుగుకు మధ్య నల్లమెట్టు లేదు గనుక మూడున్నర శ్రుతి అనే మాటే లేదు. తంబురాతో పాడే విద్వాంసుడు కూడా తన శ్రుతిని ఈ పెట్టె లెక్కలోనే చెబుతాడు. వాద్యాన్ని పరాయిదని తిరస్కరించినవారి నోట కూడా దాని కొలమానం స్థిరపడిపోయింది.

4. తిత్తి, గాలి, రీడు

లెగ్ హార్మోనియంలో నాదం పుట్టేది గొట్టంలో కాదు, ఇత్తడి రీడులో. లోహపు పలక మీద కోసిన సన్నని సందుపై ఒక కొస బిగించిన నాలుక ఉంటుంది. గాలి ఆ సందులోంచి తోసుకుపోతున్నప్పుడు నాలుక ఇటూ అటూ ఊగుతూ గాలిని తునకలుగా కోస్తుంది. స్వరస్థాయి ప్రధానంగా నాలుక పొడవు, మందాల మీద ఆధారపడుతుంది. శ్రుతి చేసేవాడు నాలుక కొసన ఆకురాయితో రుద్దితే స్వరం పెరుగుతుంది. మొదలు దగ్గర రుద్దితే తగ్గుతుంది.

ఇక్కడే పైప్ ఆర్గాన్‌కు, దీనికి దారి వేరవుతుంది. రీడు గాలి ఒత్తిడికి వెంటనే స్పందిస్తుంది. ఒత్తిడి పెరిగితే నాదం బిగ్గరగా వినబడడమే కాక, దానిలోని పై హార్మోనిక్కులు బలపడి గొంతు పదునెక్కుతుంది. స్వరస్థాయి కూడా లేశమాత్రం కదులుతుంది. మంద్రస్థాయి రీడ్లు పలకడానికి తారస్థాయి రీడ్లకంటే ఎక్కువ సమయం పడుతుంది; గాలి బలహీనంగా ఉంటే ఆ ఆలస్యం మరింత పెరుగుతుంది. దెబెన్ సంప్రదాయపు హార్మోనియంలో ‘ఎక్స్‌ప్రెషన్’ అనే బొత్తాం లాగితే నిల్వతిత్తి దారి మూసుకుపోయి, పాదాల కిందనుంచి వచ్చే గాలి నేరుగా రీడ్లకు చేరుతుంది. అప్పుడు పాదం ఎంత మెత్తగా దిగితే స్వరం అంత మెత్తగా ఉంటుంది. నిల్వతిత్తి పనిచేస్తున్నప్పుడు కూడా తొక్కుడు బలం నాదంలో కొంత వినబడుతూనే ఉంటుంది.

కనుక హార్మోనియంలో “ఒక మెట్టుకు ఒక నాదం” లేదు. ఒక మెట్టుకు, ఒత్తిడిని బట్టి మారే నాదాల శ్రేణి ఉంది. ఆ శ్రేణిలో ఎక్కడ ఉండాలో నిర్ణయించేది వేలు కాదు, పాదం. పైగా ఒక పాదం దిగుతున్నప్పుడు మరొకటి లేస్తూ ఉండాలి. పాదాలు ఆగితే గాలి అయిపోతుంది. గాలి అయిపోతే స్వరం వాలిపోతుంది. పాడే మనిషికి ఊపిరి ఎలా తరిగిపోతుందో ఈ వాద్యానికీ అలాగే తరిగిపోతుంది. ఈ పోలిక కేవలం అలంకారం కాదు; పద్యగానంలో దానికి ఒక ప్రయోజనం ఉంది.

5. పద్యానికి తోడు: హార్మోనిస్టు పని

పద్యనాటకంలో పద్యం తాళానికి కట్టుబడదు. శార్దూలమైనా, మత్తేభమైనా, సీసమైనా గణాల నడక ఉంటుంది గాని, పాడేటప్పుడు నటుడు యతిస్థానాల వద్ద, పాదాంతాల వద్ద తన ఊపిరిని, భావాన్ని బట్టి ఆగుతాడు. ఆ ఆగడం ఎంతసేపో ముందుగా నిర్ణయించి ఉండదు. అతడు ఆగిన చోట హార్మోనిస్టు రాగాన్ని అందుకొని సభను నిలబెట్టాలి. అతడు మళ్ళీ అందుకొనే క్షణానికి తప్పుకోవాలి. పద్యాంతంలో నటుడు తారస్థాయిలో రాగం తీస్తున్నప్పుడు వాద్యం అతనికంటే ముందు పరుగెత్తరాదు, వెనుకబడరాదు, అతని గొంతును ముంచరాదు. గొంతు సన్నగిల్లే చోట కొంచెం బలం ఇచ్చి, అది పుంజుకొన్నాక తగ్గాలి. సభ “వన్స్‌మోర్” అంటే అదే పద్యానికి మళ్ళీ దారి తీయాలి. రెండోసారి నటుడు మొదటిసారి పాడినట్లే పాడతాడన్న హామీ లేదు.

ఈ పని ఎంత జటిలమో ‘పాండవోద్యోగం’లో జనం “పడక సీను” అని పిలిచే ఘట్టం చెబుతుంది. శ్రీకృష్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు రంగస్థలం మీద ఉంటారు. ముగ్గురివీ మూడు గొంతులు; ఎవరి శ్రుతి వారిది. ఒకరి పద్యం ముగిసి మరొకరి పద్యం మొదలయ్యే లోపు, మధ్యనున్న నాలుగు మాటల వచనం గడిచేలోగా, హార్మోనిస్టు కొత్త ఆధారషడ్జానికి చేరి, రాగచ్ఛాయను రెండు మూడు స్వరాలలో చూపి నటునికి అందించాలి. కాంట్రాక్టు నాటకాలలో ఈ భారం ఇంకా ఎక్కువ. వేర్వేరు ఊళ్ళనుంచి వచ్చిన పేరున్న నటులు అదేరోజు సాయంత్రం కలుసుకొని, కలిసి సాధన చేయకుండానే రంగమెక్కేవారు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు నటులు వంతులవారీగా కృష్ణపాత్ర ధరించడం కూడా రివాజు. అంకం మారితే కృష్ణుడు మారతాడు. కృష్ణుడు మారితే శ్రుతి, రాగాల ఎంపిక, ఆగే చోట్లు మారతాయి. ఆ రాత్రి ప్రదర్శన మొత్తానికి ఏకసూత్రత కల్పించేవాడు హార్మోనిస్టే.

ఈ దృష్టితో చూస్తే, పైప్ ఆర్గాన్‌కు, లెగ్ హార్మోనియానికి మధ్య రెండవ భేదం బయటపడుతుంది. ఆర్గాన్‌కు భవనం వాద్యంలో భాగం. అందుకే అనుకరణకర్తలు చర్చి మారుమోతను కూడా రికార్డు చేస్తారు. తీర్థంలో వేసిన పందిరికి చర్చి గోడల మారుమోత లేదు. ఆర్గాన్ స్వరం వెళ్ళి రాతిగోడలను తాకి తిరిగి వస్తుంది. హార్మోనియం స్వరం వెళ్ళి నటుని గొంతును చేరి, అతని పాటగా తిరిగి వస్తుంది. ఒకచోట భవనం ఉన్న స్థానంలో రెండవచోట నటుని గొంతు ఉంది. గొంతు లేకుండా, ఒంటరిగా ఒక గదిలో పెట్టి స్వరాలు రికార్డు చేసిన హార్మోనియం, భవనంలోంచి పీకి బయటపెట్టిన ఆర్గాన్ వంటిది.

6. కీబోర్డు: న్యాయమైన అంచనా

కీబోర్డు రాకను కేవలం పతనంగా చిత్రించడం న్యాయం కాదు. లెగ్ హార్మోనియం బరువైనది. పల్లెదారుల్లో తీసుకుపోవడం కష్టం. డెల్టా వానలకు, తేమకు కర్ర ఉబ్బుతుంది, మెట్లు బిగుసుకుపోతాయి, తిత్తి తోలు చివుకుతుంది. రీడ్లను శ్రుతి చేయగల పనివారు అరుదవుతున్నారు. కీబోర్డు ఒక మనిషి భుజాన వెళుతుంది. సౌండ్ సిస్టమ్‌కు నేరుగా కలుస్తుంది. ట్రాన్స్‌పోజ్ బొత్తాం నొక్కితే శ్రుతి మారుతుంది. పడక సీనులో హార్మోనిస్టు సంవత్సరాల సాధనతో సాధించిన శ్రుతిమార్పు ఒక వేలి పనిగా మారింది. వీణ, సన్నాయి, వయొలిన్ శబ్దాలు కూడా అదే పెట్టెలో దొరుకుతున్నాయి. పేద సమాజానికి ఇది చిన్న సౌకర్యం కాదు.

అయితే ఈ సౌకర్యంలో మూడు మార్పులు దాగి ఉన్నాయి. మొదటిది, స్వరబలం పాదం నుంచి వేలికి మారింది. కీబోర్డు మెట్టును ఎంత వేగంగా కొట్టామన్న దాన్ని బట్టి స్వరం బలం నిర్ణయమవుతుంది. నొక్కిన తరువాత దానిపై వేలికి అధికారం లేదు. హార్మోనియంలో స్వరం మొదలైన తరువాతనే అసలు పని మొదలవుతుంది. నటుడు రాగాన్ని పెంచుతున్నకొద్దీ అదే స్వరం కింద పాదం బలం పెంచుతుంది. ఎక్స్‌ప్రెషన్ పెడల్ కలిపితే ఈ లోపం కొంత తీరుతుంది. కాని ఆ పెడల్ పెట్టిన చోట నిలిచిపోతుంది, తిత్తిలా తరిగిపోదు.

రెండవది, శాంప్లింగ్‌కు సంబంధించినది. కీబోర్డులో “హార్మోనియం” అని పేరు పెట్టిన నాదం చాలామట్టుకు ఒకటి రెండు ఒత్తిడుల వద్ద రికార్డయిన స్వరాన్ని ఆవృత్తి చేసినది. బలం తగ్గించినప్పుడు అది తగ్గించిన శబ్దమే అవుతుంది గాని, తక్కువ గాలితో పలికిన రీడు కాదు. పదును అలాగే ఉండి పరిమాణం మాత్రమే తగ్గుతుంది. నటుని గొంతు వెనుక ఒదిగి ఉండవలసిన చోట అది దూరంగా ఉన్న బిగ్గర వాద్యంలా వినబడుతుంది.

మూడవది నటునికి సంబంధించినది. నాటకవిమర్శకు అత్యంత ముఖ్యమైనది. తరగని గాలి ఉన్న వాద్యం పక్కన పాడే నటుడు తన ఊపిరిని వాద్యంతో సరిచూసుకోవలసిన అవసరం పోతుంది. వాద్యం ఎంతసేపైనా నిలుస్తుంది గనుక ఆలాపన పొడవే గొప్పతనానికి కొలత అయ్యే ప్రమాదం ఉంది. పద్యం అర్థం ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగి, వాద్యానికి చోటిచ్చే పద్ధతికి బదులు, ఆగకుండా పట్టిన స్వరం మీద పోటీ మొదలవుతుంది. పద్యనాటకంలో రాగం సాహిత్యాన్ని మింగుతున్నదన్న ఆక్షేపణ కీబోర్డుకంటె చాలా పాతదే. ఆ జాడ్యానికి కీబోర్డు కారణం కాదు; కాని దానికి ఉన్న ఒక సహజమైన హద్దును అది తొలగించింది.

7. గమకం, నిషేధం, లోపాల అనుకరణ

హార్మోనియంపై శాస్త్రీయ సంగీతజ్ఞుల అభ్యంతరం ప్రసిద్ధం. దాని స్వరాలు స్థిరం. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారడం దానికి చేతకాదు. సమవిభక్త శ్రుతి రాగాల సూక్ష్మశ్రుతులకు సరిపడదు. ఆకాశవాణి 1940 మార్చిలో హార్మోనియాన్ని నిషేధించింది. రవీంద్రనాథ్ టాగూర్ కూడా ఆ వాద్యాన్ని వ్యతిరేకించినవారే. ఆ కట్టుబాటు 1971 దాకా సడలలేదు. గోదావరి సీమ శ్రోతలకు దగ్గరైన విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న, అంటే నిషేధం మధ్యకాలంలో మొదలైంది. పందిట్లో పద్యానికి ప్రాణంగా ఉన్న వాద్యానికి రేడియోలో చోటు లేని స్థితి రెండు దశాబ్దాలకు పైగా సాగింది. నాటక గీతాల గ్రామఫోను రికార్డులలో హార్మోనియం ఉన్నా, పక్కకు సుమారు 3 నిమిషాల నిడివికి పద్యం కుదించుకుపోయింది. గొంతు, వాద్యం విడదీయరాకుండా కలిసిపోయాయి. ఆ రికార్డులు వినడానికి అమూల్యాలు. స్వరనమూనాలు తీయడానికి పనికిరావు.

డిజిటల్ సాధనాలు ఈ పాత వివాదాన్ని తలకిందులు చేశాయి. కీబోర్డులోని పిచ్‌బెండ్ చక్రంతో హార్మోనియం నాదాన్నే జారించవచ్చు. స్వరస్థానాలను ఇష్టం వచ్చినట్లు సవరించవచ్చు. 20వ శతాబ్ది తొలినాళ్ళలో కె. బి. దేవల్, ఇ. క్లెమెంట్స్ 22 శ్రుతుల హార్మోనియం కోసం చేసిన శ్రమ నేడు సాఫ్ట్‌వేర్‌లో కొన్ని అంకెల మార్పు. ఇక్కడ అనుకరణకర్తకు ఒక నైతిక ప్రశ్న ఎదురవుతుంది. అనుకరించవలసింది వాద్యాన్నా, వాద్యం ఉండవలసిన తీరునా? పైప్ ఆర్గాన్ అనుకరణలో ఈ ప్రశ్నకు స్థిరమైన సమాధానం ఉంది. పాత ఆర్గాన్‌లో ఒక గొట్టం కొంచెం ఆలస్యంగా పలికితే, ఆ ఆలస్యాన్ని చరిత్రగా భావించి భద్రపరుస్తారు. వాద్యం దోషాలే దాని గుర్తింపు.

హార్మోనిస్టు విషయంలో ఈ మాట మరింత సత్యం. జారలేని వాద్యంతో గమకాన్ని సూచించడమే అతని విద్య. పక్క మెట్టును క్షణకాలం తాకి విడవడం, ఒక మెట్టు విడవకముందే రెండవది నొక్కి రెండు స్వరాలను కలపడం, ఆ కలయిక మీద పాదంతో ఊపు ఇవ్వడం అతని ఉపాయాలు. వినేవారు జారును నిజంగా వినరు. నటుని గొంతులో వింటున్న జారును వాద్యంలోనూ ఉన్నట్లు భావిస్తారు. పిచ్‌బెండ్ చక్రం ఈ లోపాన్ని తీరుస్తుంది. లోపం తీరినచోట ఉపాయం అక్కరలేదు. ఉపాయం అక్కరలేనిచోట ఆ విద్య శిష్యునికి అందదు.

8. భద్రపరచవలసింది ఏమిటి?

పై విశ్లేషణ అనుకరణ వద్దని చెప్పదు. దేన్ని కొలవాలో చెబుతుంది. లెగ్ హార్మోనియానికి పైప్ ఆర్గాన్ పద్ధతిని యథాతథంగా అన్వయించి మెట్టుకొక స్వరం చొప్పున రికార్డు చేస్తే, చక్కని శబ్దాల గ్రంథాలయం ఏర్పడుతుంది. వాద్యం మాత్రం దక్కదు. కనీసం కింది అంశాలు ఆ పనిలో చేరవలసి ఉంటుంది.

మొదట, ప్రతి రీడును అనేక ఒత్తిడుల వద్ద, ఆ ఒత్తిడిని కొలిచి నమోదు చేస్తూ రికార్డు చేయాలి. స్వరం పలకడానికి పట్టే సమయం, గాలి తరిగినప్పుడు వాలే తీరు అందులో భాగం కావాలి. రెండవది, వాయిస్తున్నప్పుడు పాదాల కదలికను స్వరాలతో సమానంగా నమోదు చేయాలి. చేతులను మాత్రమే చిత్రించిన వీడియో సగం సాక్ష్యమే. మూడవది, నటుడు పాడుతుండగా హార్మోనిస్టు తోడు వాయించడాన్ని, ఒకరినొకరు చూసుకొనే వీలుతో, రెండు వేరు ట్రాకుల మీద రికార్డు చేయాలి. ఒకే పద్యాన్ని ఇద్దరు ముగ్గురు నటులతో, వారి వారి శ్రుతులలో చేయిస్తే తోడు ఎలా మారుతుందో తెలుస్తుంది. నాలుగవది, హార్మోనిస్టుల జ్ఞాపకంలో ఉన్న సమాచారాన్ని, అంటే ఏ నటునికి ఏ శ్రుతి, ఏ పద్యానికి ఏ రాగం, ఎక్కడ చోటివ్వాలి అన్న వివరాలను లిఖితం చేయాలి. తెలుగు విభాగాల పరిశోధకులకు ఇది చేతికందే పని. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు.

రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వంటి ప్రాంతీయ విద్యాసంస్థలు, శ్రీ వేంకటేశ్వర ఆనం కళాకేంద్రం వంటి ప్రదర్శనశాలలు ఈ పనికి సహజ వేదికలు. భౌతికశాస్త్ర, సంగీత, తెలుగు విభాగాలు కలిసి చేపట్టదగిన అంశమిది. ఏ ఒక్క విభాగానికి అప్పగించినా, ఒకరు శబ్దాన్ని, ఒకరు రాగాన్ని, ఒకరు పద్యపాఠాన్ని మాత్రమే భద్రపరుస్తారు. పద్యనాటకంలో ఈ మూడూ కలిసే చోటే హార్మోనిస్టు కూర్చొని ఉంటాడు.

9. ముగింపు

హార్మోనియం తెలుగు రంగస్థలానికి పరాయిదిగా వచ్చి, పరాయిదన్న నిందను మోసి, తన మెట్ల లెక్కను దక్షిణాది శ్రుతులకు పేర్లుగా ఇచ్చి స్థిరపడింది. అందువల్ల కీబోర్డు పరాయిదన్న వాదానికి విలువ లేదు. రేపటి హార్మోనిస్టు దానితోనే కొత్త విద్యను సాధించవచ్చు. విమర్శ అడగవలసిన ప్రశ్న వేరు. కొత్త వాద్యం నటుని ఊపిరిని వింటున్నదా, లేదా? పైప్ ఆర్గాన్ అనుకరణలో గొట్టాన్ని నమ్మకంగా రికార్డు చేసినవారు ఆర్గాన్‌ను చాలావరకు దక్కించుకొన్నారు. ఆ గొట్టానికి ఒక్క నాదమే ఉంది గనుక. లెగ్ హార్మోనియం విషయంలో నాదం ప్రతి క్షణం పాదం కింద పుడుతూ, నటుని గొంతును బట్టి మారుతూ ఉంటుంది. ఆ పాదాన్ని, ఆ గొంతును కలిపి నమోదు చేయని అనుకరణ ఎంత మధురంగా వినబడినా, పద్యనాటక చరిత్రకు సాక్ష్యంగా నిలవలేదు. ఆ విద్య తెలిసిన హార్మోనిస్టులు ఇంకా వాయిస్తున్న కాలంలోనే ఈ నమోదు సాధ్యం.